ఉద్యోగ భయము: నల్లరేగడి నేర్పిన పాఠము

(సాఫ్టువేరు ఉద్యోగులును వారి తల్లిదండ్రులును కూడిన సభయందు మేము చేసిన ఉపన్యాస పాఠము)



మాకు పంపిన ఆహ్వానములో మా బిడ్డలకు నాలుగు ధైర్యవచనములు చెప్పుడని వ్రాసితిరి. ధైర్యవచనములు చెప్పుట సులభము. వానివలన అప్పు తీఱదు. పోయిన కొలువు తిరిగి రాదు. కావున మేము నేడు ఓదార్పునకు పూనుకొనక, ఉన్న సంగతిని ఉన్నట్లు మీ ముందుంచి, పిమ్మట మాకు తోచిన కర్తవ్యమును విన్నవించెదము. సంగతి తెలిసిన పిదప కలుగు ధైర్యమే నిలుచు ధైర్యము.

2025వ సంవత్సరము జూలై 27వ తేదీన, మన దేశపు సాఫ్టువేరు కంపెనీలలో అతి పెద్దదైన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, తన ఉద్యోగులలో నూటికి ఇద్దరిని, అనగా 12 వేలకు పైబడినవారిని, ఆ ఆర్థిక సంవత్సరమునందే తొలగింపనున్నట్లు వెల్లడించెను. నాటికి ఆ కంపెనీ కొలువున సుమారు 6 లక్షల 13 వేల మంది కలరు. వేటు ముఖ్యముగా మధ్యమ శ్రేణివారిపైనను, పై శ్రేణివారిపైనను పడునని చెప్పిరి. సెప్టెంబరు మాసాంతమునకు లెక్క తేలగా ఉద్యోగుల సంఖ్య మూడు నెలలలో 19,755 తగ్గి 5,93,314కు దిగెను. ఇందు తమంత తాము విడిచిపోయినవారును కలరు. ఎందఱు తమంత తాము పోయిరో, ఎందఱు పంపగా పోయిరో ఆ యొక్క అంకెను బట్టి తెలియదు. ఈ సందేహమును మనస్సునందుంచుకొనుడు. మఱల దీనియొద్దకు వత్తుము.

కంపెనీ దివాలా స్థితిలో నున్నదా యన్నచో, లేదు. ఆ సంవత్సరము ఏప్రిల్ మొదలు జూన్ వఱకు మూడు నెలలలో దానికి వచ్చిన నికర లాభము 12,760 కోట్ల రూపాయలు. కృత్రిమ మేధ వలన పని తగ్గి ఈ తొలగింపులు జరుగుట లేదనియు, ఉద్యోగుల నైపుణ్యములకును ఉన్న పనులకును పొంతన కుదరకపోవుటయే కారణమనియు ముఖ్యాధికారి కృతివాసన్‌గారు సెలవిచ్చిరి. ఆ జూన్ నెలలోనే మఱొక నియమము వచ్చెను. ప్రతి ఉద్యోగియు సంవత్సరమునకు 225 దినములు గిరాకీదారుని ఖాతాలో వ్రాయదగిన పని చేయవలెను. పని లేక "బెంచి" మీద నుండు దినములు 35కు మించరాదు. పని తెచ్చుట కంపెనీ వంతు. పని రానిచో లోపము ఉద్యోగిది! ఇక్కడి కౌలురైతులకు ఇది క్రొత్త న్యాయము కాదు. వాన కురియకున్నను కౌలు చెల్లింపవలసినదే గదా!

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. మన హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్లగారు అధిపతిగా నున్న మైక్రోసాఫ్టు 2025 మే నెలలో 6 వేల మందిని, జూలైలో 9 వేల మందిని తొలగించెను. ఆ కంపెనీ ఆ యేటి లాభము పదివేల కోట్ల డాలర్లు మించెను. తమ కంపెనీ గ్రంథములలో నూటికి 20 నుండి 30 పాళ్ల ప్రోగ్రాము యంత్రమే వ్రాయుచున్నదని ఆయన ఏప్రిల్‌లో చెప్పియుండెను. తొలగింపులు తమ మనస్సునకు మిక్కిలి భారముగా నున్నవని జూలైలో ఉద్యోగులకు లేఖయు వ్రాసెను. ఆ భారము నిజమే కావచ్చును. అయినను భారము మనస్సున మోయుట వేఱు, ఇంటి వాయిదాలలో మోయుట వేఱు. అక్టోబరులో అమెజాను 14 వేల కార్యాలయోద్యోగములను తీసివేయుదునని ప్రకటించెను.

మన రాష్ట్రపు సంగతియు ఇందు కొంత కలదు. అదే 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గము విశాఖపట్టణమున 21.16 ఎకరముల ప్రజల భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు టాటా కన్సల్టెన్సీకి ఇచ్చుటకు సమ్మతించెను. అందుకు ప్రతిగా కంపెనీ కల్పింతునన్న ఉద్యోగములు 12 వేలు. జూలైలో తీసివేయుదునన్న ఉద్యోగములును 12 వేలే. రెండంకెలును ఒక్కటే యగుట కాకతాళీయము కావచ్చును. కాని ఇచ్చుచేతి లెక్కను పత్రికల మొదటి పుటలలో చదివినవారు, తీయుచేతి లెక్కను కూడ అడుగుట న్యాయము. ఆ అక్టోబరులోనే గూగుల్ కంపెనీ అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో కృత్రిమ మేధా కేంద్రమును నిర్మింతునని ఒడంబడికను ప్రకటించెను. మేము దానిని నిందింపము. పని చేయు యంత్రములు మన తీరమునకే వచ్చుచున్నప్పుడు, వానిచే స్థానభ్రంశము చెందు మనుష్యుల మాట ఎత్తువారు కూడ మన తీరమున నుండవలెనని మాత్రమే అనుచున్నాము.

ఇదంతయు బొంబాయి మాట, విశాఖ మాట, అమెరికా మాట. పత్తి, మిరప పండు ఈ మెట్ట పల్లెలకు ఇందేమి సంబంధమని ఎవరైన అడుగవచ్చును. సంబంధము చేని గట్టు దాక కలదు.

ఈ జిల్లాలయందు పత్తి మీద, పొగాకు మీద, మిరప మీద వచ్చిన సొమ్ము ఎచ్చటికి పోయినదో చూడుడు. కొంత నేలకే తిరిగి ఎరువుగను మందుగను పోయెను. మిగిలినది బిడ్డల చదువులకు పోయెను. బాపట్ల, చౌడవరము, వడ్లమూడి మొదలుకొని బాటల ప్రక్కనెల్ల ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. 1998లో హైదరాబాదున సైబర్ టవర్సు తెఱచిన నాటినుండి పల్లె చూపంతయు ఆ దిక్కునకే తిరిగెను. 2008 ప్రాంతమున ప్రభుత్వము బోధనరుసుముల భారమును వహింప నారంభించుటతో పేదయిండ్ల బిడ్డలును ఆ కళాశాలల గడప త్రొక్కిరి. ఇది మేలే. రెండెకరముల రైతు బిడ్డ, కూలివాని బిడ్డ కంప్యూటరు ముందు కూర్చుండి ఖండాంతరములకు పని చేసి పంపుట మన తరమున జరిగిన గొప్ప మార్పు. దానిని చిన్నచూపు చూచువారితో మేము ఏకీభవింపము.

కాని మేలైన పైరు కూడ ఒక్కటే పైరైనచో ఏమగునో ఈ నేల కంటె బాగుగ నెఱిగిన నేల లేదు.

పెద్దలు జ్ఞాపకము తెచ్చుకొనుడు. 1980 దశకమున పత్తి "తెల్ల బంగారము" అయినది. జొన్న పోయెను, పప్పుధాన్యములు పోయెను. నల్లరేగడి యంతయు తెల్లబడెను. పక్కవాడు వేసెనని వీడు వేసెను. కౌలుకు తీసికొని వేసిరి. అప్పు తెచ్చి వేసిరి. పురుగు వచ్చినప్పుడు మందు కొట్టిరి. ఆ మందే ఇతర పురుగులను చంపి తెల్లదోమను పెంచెను. 1987వ సంవత్సరమున తెల్లదోమ గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలను తుడిచిపెట్టెను. ఆ శీతకాలమున ప్రకాశము జిల్లాలో పత్తిరైతులు పురుగుమందు త్రాగి ప్రాణములు విడిచిరి. ఈ మరణములు ఎందుకు జరిగినవని విచారించిన వారికి తేలినదేమన, పైరు పోవుట ఒక్కటే చంపలేదు. పైరంతయు ఒక్కటే యగుట, అప్పంతయు ఆ పైరు మీదనే యుండుట, ఆ అప్పును గూర్చి రైతు ఇంట కూడ నోరు విప్పలేకపోవుట, ఈ మూడును కలిసి చంపినవి.

ఈ మూడు లక్షణములును నేడు మన సాఫ్టువేరు కుటుంబములయందు లేవా? పరీక్షించుకొనుడు.

మొదటిది, ఒక్క పైరు. యంత్ర విద్యలు, నిర్మాణ విద్యలు, వ్యవసాయ శాస్త్రము, బోధన, వైద్య సేవ, ఇవి యన్నియు రెండవ రకము చదువులని మన పల్లెలు తీర్మానించినవి. కంప్యూటరు శాఖలో సీటు రాని పిల్లవాడు సగము పాడైనట్లే లెక్క. మాగాణికి ఒక పైరు, మెట్టకు ఒక పైరు వేయు రైతే తన బిడ్డల విషయమున నేల స్వభావము చూచుట మానెను.

రెండవది, అప్పు. జీతము ముప్పది యేండ్లు వచ్చునను నమ్మకముతో హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఇల్లు కొని ఇరువది యేండ్ల వాయిదాలు కట్టుచున్నారు. తండ్రి ఎకరమమ్మి కుమారుని అమెరికా చదువునకు పంపెను. అచ్చట హెచ్-1బీ వీసా మీద నున్నవానికి కొలువు పోయినచో 60 దినములలో వేఱు కొలువు చూచుకొనవలెను, లేదా దేశము విడువవలెను. 2025 సెప్టెంబరులో అచ్చటి అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బీ దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుము విధించెను. కొలువిచ్చువాడు ఇంక ఎంతగా వెనుకాడునో మీరే ఊహింపవచ్చును.

మూడవది, మౌనము. ఇది అన్నిటికంటె అపాయకరము. కొలువు పోయిన సంగతి తల్లిదండ్రులకు చెప్పక, ఉదయము యథాప్రకారము సంచి తగిలించుకొని బయలుదేరి సాయంకాలము వఱకు ఎచ్చటనో కాలక్షేపము చేసి వచ్చువారు కలరు. పెండ్లి సంబంధము తప్పిపోవునని దాచువారు కలరు. ఊరివారు నవ్వుదురని పండుగకు రానివారు కలరు. 12 వేల మందికి ఒక్క ఉత్తరువుతో కలిగిన కష్టమును ప్రతివాడును తన జాతకదోషమువలె, తన తెలివితక్కువవలె గదిలో ఒంటరిగా అనుభవించుచున్నాడు.

ఇచ్చట ఒక మాట అడుగుచున్నాము. క్వింటాలు 20 వేలకు పైగా పలికిన మిరప 2025 ఆరంభమున సగమునకు పడిపోయినప్పుడు ఏమి జరిగెను? గుంటూరు మిర్చి యార్డు అట్టుడికిపోయెను. మంత్రులు వచ్చిరి, ప్రతిపక్షులు వచ్చిరి. ఆ ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయల ధర నిర్ణయించి జోక్యము చేసికొందునని ప్రకటించెను. అది చాలెనా, అందెనా యన్నది వేఱు ప్రశ్నము. ఏ అధికారియు రైతుతో "నీకు నైపుణ్యము చాలలేదు, అందుకే ధర పడిపోయినది" అని అనలేదు, అనుటకు సాహసింపలేడు. మఱి అదే రైతు బిడ్డకు ఆ మాట చెప్పినప్పుడు, వాడు తల వంచుకొని ఎందుకు వినవలెను? ధర పడుట మిరపకాయ నేరము కానిచో, గిరాకీ పడుట ఉద్యోగి నేరమెట్లగును?

యంత్రమును గూర్చియు ఒక మాట నిష్కర్షగా చెప్పవలెను. యంత్రము మన ప్రాంతమునకు నేడు వచ్చినది కాదు. మరపత్తి గింజ తీయుట వచ్చినప్పుడు చేతితో గింజ తీయుట పోయెను. చీరాలలో పొగాకు కంపెనీ నెలకొన్న కాలమున ఆకు ఈనెలు తీయుట వందలకొలది స్త్రీల జీవనాధారము. ఆకు నూర్చు యంత్రములు వచ్చిన పిమ్మట ఆ చేతుల అవసరము తఱిగిపోయెను. మరమగ్గము చీరాల చేనేతవాని నమూనాను ఎత్తుకొనిపోగా, కొన్ని రకములను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో చట్టము చేయవలసి వచ్చెను. గుంటూరు శీతల గిడ్డంగుల చుట్టును మిరప తొడిమలు తీసి దినకూలి సంపాదించుకొను స్త్రీలు నేటికిని కలరు. ఆ పనికిని యంత్రములు బయలుదేరినవి.

ఆ స్త్రీలు పని పోయి ఇంటికి మరలినప్పుడు ఏ సభ జరిగెను? ఏ పత్రిక సంపాదకీయము వ్రాసెను? చదువుకొన్నవారమైన మనము దానిని "కాలధర్మము" అని పేరు పెట్టి ఊరకుంటిమి. కాలధర్మము నేడు మన చావడికి వచ్చి కూర్చున్నది. ఈ మాట మిమ్ము నొప్పించుటకు చెప్పుట లేదు. మేధతో పనిచేయువాడును చేతితో పనిచేయువాడును వేఱు జాతులవారను భ్రమ తొలగిననే తప్ప, ఈ భయమునకు మందు లేదు. అందుకే చెప్పుచున్నాము.

గాంధీమహాత్ముడు యంత్రద్వేషి యని పలువురు తలంతురు. ఆయన 1924లో ఈ ప్రశ్నమునకు స్పష్టముగనే ప్రత్యుత్తరమిచ్చెను. తాము ఆక్షేపించునది యంత్రమును గాక యంత్రవ్యామోహమును అనియు, శ్రమను తగ్గించు పేరిట వేలమందిని వీధిని పడవేసి కొందఱి చేతిలో సొమ్ము పోగుపఱచుటయే తమకు సమ్మతము కాదనియు తెలిపెను. కుట్టుమిషనును ఆయన మెచ్చుకొనెను. ఆ తక్కెడలో కృత్రిమ మేధను తూచి చూడుడు. పదిమంది పదిదినములు చేయు పనిని అది ఒక దినమున చేయించినచో సంతోషమే. మిగిలిన తొమ్మిది దినములు ఎవరివి? ఉద్యోగికి విశ్రాంతిగనో, క్రొత్త చదువుగనో, జీతపు పెరుగుదలగనో వచ్చినవా? తొమ్మిదింటిని లాభపు పద్దులో వ్రాసికొని, పదిమందిలో తొమ్మండుగురిని బయటికి పంపినచో, తగవు యంత్రముతో కాదు, పంపకముతో.

ఇప్పుడు మొదట విడిచిన సందేహమునకు వత్తుము. "తమంత తాము పోయినవారు" అను లెక్కలో నెవరున్నారు? 2025లో పూనాలోని నైట్స్ అను ఉద్యోగ సంఘము కేంద్ర కార్మిక మంత్రిత్వశాఖకు మొఱపెట్టుకొనెను. బెంగుళూరులోని కర్ణాటక ఐటీ ఉద్యోగుల సంఘమును ఆ రాష్ట్ర కార్మిక శాఖను ఆశ్రయించెను. ఉద్యోగులను ఒత్తిడి చేసి రాజీనామాలు వ్రాయించుకొనుచున్నారన్నది ఆ సంఘములవారి ముఖ్యారోపణ. కంపెనీ ఈ ఆరోపణలను అంగీకరింపలేదు. ఇందు ఎంత సత్యమో విచారించి తేల్చుట కార్మిక శాఖల విధి. కాని రాజీనామాకు ఇంత ప్రాముఖ్యమెందుకో ఉద్యోగులందఱును గ్రహింపవలెను.

మన చట్టమున తొలగింపు ఒకటి, రాజీనామా మఱొకటి. 1947వ సంవత్సరపు పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము, ఏడాదికి తక్కువ కాక పనిచేసిన కార్మికుని తొలగింపవలెనన్నచో నెల దినముల నోటీసు గాని, నెల జీతము గాని ఇయ్యవలెను. చేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల సగటు జీతము పరిహారముగ చెల్లింపవలెను. ఆ చట్టము స్థానమున 2025 నవంబరు 21వ తేదీనుండి అమలునకు వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతియందును ఈ హక్కు నిలిచియున్నది. పైగా తొలగింపబడిన ప్రతి కార్మికుని నిమిత్తము యజమాని 15 దినముల జీతమును పునర్నైపుణ్య నిధికి చెల్లింపవలెనని క్రొత్తగా చేర్చిరి. చేతులార రాజీనామా వ్రాసియిచ్చినవానికి ఇందేదియు వర్తింపదు. ఒక్క సంతకముతో తొలగింపు అదృశ్యమగును, పరిహారము అదృశ్యమగును, లెక్కయు అదృశ్యమగును.

చట్టమునకు లోపములును కలవు. తొలగింపునకు ముందు ప్రభుత్వానుమతి పొందవలెనను నియమము కర్మాగారములకు, గనులకు, తోటలకు మాత్రమే కలదు. సాఫ్టువేరు కార్యాలయములకు లేదు. నిర్వాహకులను, 18 వేలకు మించిన జీతముపై పర్యవేక్షణ చేయువారిని "కార్మికుడు" అను పదమునుండి తప్పించిరి. అందువలన పేరునకు "మేనేజరు" అను బిరుదు తగిలించినచో రక్షణ పోయినదని ఉద్యోగులు తలంచి ఊరకుందురు. అది సరికాదు. బిరుదు ప్రమాణము కాదనియు, చేయు పని స్వభావమే ప్రమాణమనియు న్యాయస్థానములు పలుమాఱులు చెప్పియున్నవి. 2015 జనవరిలో చెన్నపట్టణమున ఒక ఉద్యోగిని, తాను కార్మికురాలననియు తన తొలగింపు చట్టవిరుద్ధమనియు మద్రాసు హైకోర్టునకు పోయెను. కోర్టు తాత్కాలికముగ నిలుపుదల చేసెను. కంపెనీ ఆ తొలగింపు ఉత్తరువును వెనుకకు తీసికొనెను. ఆ మఱుసటి సంవత్సరమే తమిళనాడు ప్రభుత్వము, సాఫ్టువేరు ఉద్యోగులు సంఘము పెట్టుకొనుటకు చట్టమున అడ్డంకి లేదని స్పష్టపఱచెను.

సోదరులారా! రాజీనామా అను మాటకు ఈ నేలపై ఒక చరిత్ర కలదు. 1921-22లో ఈ పత్తిగడ్డ నడుమనే, పెదనందిపాడు ఫిర్కాలో, పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున పన్నుల నిరాకరణోద్యమము సాగెను. నాడు గ్రామోద్యోగులు కలసికట్టుగా రాజీనామాలిచ్చిరి. దొరతనము శిస్తు వసూలు చేయు దారి గానక తల్లడిల్లెను. ఆ రాజీనామాలు పదిమంది కూడి ఆలోచించి, పట్టపగలు, తమ ఇచ్ఛతో ఇచ్చినవి. కావున అవి ఆయుధములైనవి. నేడు మన బిడ్డలచే ఒక్కొక్కరిని మూసిన గదిలోనికి పిలిచి, "ఇప్పుడే వ్రాసిన మంచిది" అని వ్రాయించు కాగితమునకును అదే పేరు. ఒంటరిగా వ్రాసినది సంకెల. కూడి వ్రాసినది ఖడ్గము. భేదము కాగితమున లేదు, కూడికలో కలదు.

కూడినచో ఏమి వచ్చును, యంత్రము ఆగునా యని కొందఱు పెదవి విఱుతురు. యంత్రము ఆగనక్కఱలేదు. 2023లో అమెరికాలో చలనచిత్రములకు కథలు వ్రాయు రచయితలు 148 దినములు సమ్మె చేసిరి. యంత్రము వ్రాసినదానిని రచయిత ప్రతిఫలమును తగ్గించుటకు సాధనముగా వాడరాదనియు, యంత్రమును వాడుమని రచయితను నిర్బంధింపరాదనియు ఒడంబడిక వ్రాయించుకొనిరి. యంత్రము నిలిచెను, మనిషియు నిలిచెను. ఆ దేశమునందే 1988 నాటి చట్టము వలన, నూఱుమందికి పైగా పనివారున్న యజమాని పెద్దయెత్తున తొలగింపునకు 60 దినములు ముందుగా నోటీసు ఇయ్యవలెను. ఆ నోటీసు ప్రభుత్వమునకు చేరును, ప్రజలు చూడవచ్చును. ఒకే కంపెనీ అచ్చట 60 దినములు ముందు బహిరంగముగ చెప్పవలసినదానిని, ఇచ్చట ఒక్క సాయంకాలమున గుట్టుగ ముగింపగలుగుట మన ఉద్యోగి ప్రాణము చౌకయగుటచేత గాదు, మన నోరు మూతపడియుండుటచేత.

"సంఘములు పెట్టినచో కంపెనీలు మన రాష్ట్రము విడిచిపోవును" అను మాట మేధావులనుండియే వినుచున్నాము. ఇది త్రోసివేయదగిన మాట కాదు, పరీక్షింపదగినది. కంపెనీలు మన యొద్దకు వచ్చుచున్నది మన మౌనము కొఱకు కాదు, మన బిడ్డల విద్య కొఱకు, గిట్టుబాటు కొఱకు. ఆ గిట్టుబాటు పోయిన దినమున మనము ఎంత వినయముగ నున్నను అవి నిలువవు. జూలై ప్రకటనయే అందుకు సాక్ష్యము. 2009 జనవరిలో సత్యము కంప్యూటర్సు లెక్కల మోసము బయటపడినప్పుడు సుమారు 50 వేల కుటుంబములు గాలిలో దీపములైనవి. నాడు కేంద్రప్రభుత్వము దినముల వ్యవధిలో పాత పాలకవర్గమును త్రోసి క్రొత్తవారిని నియమించెను. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దానిని కొనెను. ప్రభుత్వము తలచినచో చేయగలదు. ప్రభుత్వము తలచుటకు అడుగువారుండవలెను.

ఇంక కర్తవ్యము. మా విన్నపములు కొద్దియే.

ఉద్యోగులారా! మీ నియామక పత్రమును, జీతపు చీటీలను, పనితీరు నివేదికలను మీ యొద్ద భద్రపఱచుకొనుడు. పిలిచిన దినముననే ఏ కాగితముపైనను సంతకము చేయకుడు. ఆలోచించుటకు వ్యవధి వ్రాతమూలముగ కోరుడు. తొలగింపవలెనన్నచో కంపెనీయే తొలగించి కారణము వ్రాసి యిచ్చుగాక. సంఘములో చేరుడు, లేనిచోట పెట్టుడు. క్రొత్త యంత్రమును నేర్చుకొనుడు, భయముతో గాక పనివాడు పనిముట్టును నేర్చుకొన్నట్లు. చేతిలో జీతమున్న దినములలోనే ఆఱు నెలల గ్రాసము ప్రక్కన పెట్టుడు. వాన నమ్మని మెట్టరైతు పాతరలో జొన్నలు దాచుకొనెడివాడు. ఆ బుద్ధి మనకు క్రొత్త కాదు.

ప్రభుత్వమువారికి: ప్రజల భూమిని పైసలకిచ్చునప్పుడు ఒడంబడికలో కల్పించు ఉద్యోగముల సంఖ్య ఒక్కటియే చాలదు. ఏటేట ఎందఱిని చేర్చుకొనిరి, ఎందఱిని పంపిరి, ఎందఱిచే రాజీనామా చేయించిరి అను లెక్కను బహిరంగముగ దాఖలు చేయవలెనని షరతు వ్రాయుడు. సాఫ్టువేరు కార్యాలయములను సామూహిక తొలగింపు నోటీసు నియమము క్రిందికి తెండు. పునర్నైపుణ్య నిధి కాగితముపై నిలువక మనిషికి చేరునట్లు చూడుడు.

కంపెనీలవారికి: మీ లాభములు మీరు తీసికొనుడు, మేము అసూయపడము. పదునైదేండ్లు పని చేయించుకొన్నవానికి క్రొత్త పని నేర్పుటకు పదునైదు నెలలైన ఇచ్చి చూచితిరా? ఈ ఒక్క ప్రశ్నమునకు ప్రత్యుత్తర మియ్యుడు.

తల్లిదండ్రులారా! కడపటి మాట మీకే. మీ పిల్లలలో అందఱిని ఒక్క చేనిలో నాటకుడు. ఏ నేలకు ఏ పైరో మీకు తెలిసినట్లే, ఏ బిడ్డకు ఏ విద్యయో కనిపెట్టుడు. కొలువు పోయి వచ్చిన బిడ్డను "ఇప్పుడేమి చేయుదువు" అని వాకిటనే నిలువదీయకుడు. "వచ్చితివా, అన్నము తిను" అనుడు. పైరు పోయిన ఏడు మీరు తిరిగి దుక్కి దున్నలేదా? ఎండిన చేను రైతునకు అప్రతిష్ఠ కానట్లే, పోయిన కొలువు బిడ్డకు అప్రతిష్ఠ కాదు. బంధువులు అడిగినచో సిగ్గుపడక ఉన్నమాట చెప్పుడు. మీరు చెప్పినచో పక్కయింటివారును తమ సంగతి చెప్పుదురు; అప్పుడు ఇది ఒక ఇంటి గుట్టు కాక ఊరి సమస్యగ నిలుచును. ఊరి సమస్యకు ఊరు పూనును.

1987లో చేనుకాడ ఒంటరిగా నిలిచిన రైతునకు ఆ మాట చెప్పువాడు దొఱకలేదు. నేడు చెప్పుటకు మనమున్నాము. ఈ సభ ముగిసి లేచిపోవునప్పుడు ఒక్కొక్కరు మఱొక్కరి పేరు, ఊరు అడిగి తెలిసికొని పొండు. సంఘమునకు మొదటి మెట్టు అదియే.